ఒక మాట నిజమో కాదో తేల్చడం ఎలా: ప్రతిజ్ఞ రాసుకోవడం నుంచి నిర్ణయం దాకా

తర్కశాస్త్రం కొంత చదివి, హేత్వాభాసల (పైకి కారణంలా కనబడే దోషాల) పేర్లు కంఠస్థం చేసి కూడా, ఎదుటి మనిషి ఒక మాట అన్నప్పుడు దానిని ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ మార్గదర్శి వారి కోసం. ఇందులో తర్కం పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. పని చేసే క్రమం మాత్రమే ఉంటుంది.

నా అనుభవంలో వాదనలు చెడేది ఎక్కువగా హేతువు (చూపే కారణం) దగ్గర కాదు, అంతకు ముందే, ప్రతిజ్ఞ దగ్గర. తర్కంలో ప్రతిజ్ఞ అంటే ఒట్టు కాదు, మనం సాధించదలచిన మాట. ఏమి సాధించదలచామో తేలకుండానే ఎందుకో చెప్పడం మొదలుపెడతాం. అందుకే కింది మెట్లను వరుస తప్పకుండా ఎక్కవలసి ఉంటుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణను వెంటబెట్టుకుని వెళ్తాను. నల్లగొండ, పాలమూరు చెలకల్లో (మెట్ట పొలాల్లో) బోరు వేయించే ముందు పాయింటు చూసే మనిషిని పిలిపించడం అందరికీ తెలిసిందే. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చెలకంతా నడుస్తాడు. ఒకచోట కాయ కదిలి నిలువుగా లేస్తుంది. అక్కడ సున్నం పోసి గుర్తు పెడతారు. "కాయ నిలబడిన చోట నీళ్ళు పడతాయి" అన్న మాటను మనం పరీక్షించబోతున్నాం.

1. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవలసినవి

కాగితం, కలం తప్పనిసరి. నోటితో నడిచే వాదనలో మాట ఎప్పుడు మారిందో ఎవరికీ గుర్తుండదు.

ఏ రకం చర్చకు కూర్చుంటున్నారో కూడా ముందే తేల్చుకోండి. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని మాటను కూల్చడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈ పద్ధతి వాదానికి మాత్రమే పనికివస్తుంది. మిగిలిన రెండింటిలో మీ కాగితాన్ని ఎదుటివారు చూడరు.

సరిచూసుకోండి:
- ఒకసారి కూర్చుంటే ఒకే ప్రతిజ్ఞ.
- "నా మాట తప్పని తేలితే ఒప్పుకుంటాను" అని ఇద్దరూ ముందే అనుకోవాలి.
- ఏ సాక్ష్యం ఎదురైతే ఒప్పుకుంటారో కూడా రాసి పెట్టుకోవాలి. ఇది రాయలేనివారు జల్పానికి వచ్చినట్టు లెక్క.

2. ప్రతిజ్ఞను ఒకే వాక్యంగా రాయండి

ప్రతిజ్ఞలో రెండు భాగాలు ఉంటాయి. దేని గురించి చెబుతున్నామో అది పక్షం. దానికి ఏమి ఉందని సాధించదలచామో అది సాధ్యం. "ఈ చెలక తూర్పు మూలలో బోరు వేస్తే నీళ్ళు పడతాయి" అన్న వాక్యంలో తూర్పు మూల పక్షం, నీళ్ళు పడడం సాధ్యం.

ఇంతటితో పని పూర్తి కాలేదు. ఎన్ని అడుగుల లోపల? ఎన్ని ఇంచుల నీళ్ళు? వానాకాలంలోనా, మే నెలలో కూడానా? ఇవి రాయకపోతే బోరు ఎండిపోయిన రోజున ప్రతిజ్ఞ నిశ్శబ్దంగా రూపం మార్చుకుంటుంది. మూడు వందల అడుగుల్లో ఆపితే "ఇంకో వంద పోతే పడేవి" అంటారు. న్యాయశాస్త్రం (పాత భారతీయ తర్కశాస్త్రం) చెప్పిన 22 నిగ్రహస్థానాలలో, అంటే వాదంలో ఓడినట్టు లెక్కించే సందర్భాలలో, దీనికి ప్రతిజ్ఞాంతరం అని పేరుంది, అంటే ఓడిపోతున్న ప్రతిజ్ఞ స్థానంలో మరొకటి తెచ్చి పెట్టడం. అలాగే హేతువును మార్చడం హేత్వంతరం. ముందే రాసిన కాగితం ఒక్కటే ఈ రెండింటికీ మందు.

కాలం, స్థలం రాయడం చాదస్తం కాదు. "నారాయణపేట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది" అన్న వాక్యం 2019 ఫిబ్రవరి 16న నిజం. మర్నాడు కొత్త జిల్లా ఏర్పడింది కనుక అబద్ధం. "సూర్యాపేట నల్లగొండ జిల్లాలో ఉంది" అన్నదానికీ 2016 అక్టోబర్ 11న ఇదే జరిగింది. ఊరు అంగుళం కూడా కదలలేదు. నిజం మారిందని ఇక్కడ కొందరు తత్త్వం చెబుతారు గానీ, మారింది నిజం కాదు. తేదీ లేని వాక్యాన్ని మనం రెండు వేర్వేరు ప్రతిజ్ఞలకు వాడుకున్నాం.

మాటకు నిర్వచనం ఇవ్వవలసి వస్తే మూడు దోషాలు చూడండి. కరువు అంటే "వాన పడని ఏడు" అన్నారనుకోండి. వాన పడినా అదనుకు పడక పంట ఎండిన ఏడు ఈ నిర్వచనంలోకి రాదు, అది అవ్యాప్తి. వాన లేకున్నా కాలువ నీళ్ళతో పంట పండిన ఊరు లోపలికి వచ్చేస్తుంది, అది అతివ్యాప్తి. నిర్వచించదలచిన వస్తువులో ఎక్కడా పొసగని నిర్వచనం అసంభవం. ఇది ఆచరణలో అరుదు.

3. మాట దేని గురించో ఆ వస్తువు ఉందా అని చూడండి

చాలామంది ఈ మెట్టును దాటవేస్తారు. "నల్లగొండ సముద్రతీరం శుభ్రంగా ఉంటుంది" అని ఒకరంటే, "లేదు, మురికిగా ఉంటుంది" అని మరొకరు బదులిచ్చారనుకోండి. ఇద్దరూ ఒకే తప్పు చేశారు. నల్లగొండకు సముద్రతీరమే లేదు. ఇటువంటి వాక్యాలలో ఉనికిని చెప్పే ఒక మాట దాగి ఉంటుందని, దానిని విడదీసి రాయాలని ఆంగ్ల తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1905లో చూపించాడు. విడదీస్తే ఇలా వస్తుంది: "నల్లగొండకు ఒక సముద్రతీరం ఉంది, అది శుభ్రంగా ఉంటుంది." మొదటి ముక్క పడిపోయిందంటే రెండో ముక్క మీద వాదించే పనే లేదు. తర్కంలో పక్షమే లేని హేతువును ఆశ్రయాసిద్ధం అంటారు; ఆకాశపుష్పానికి వాసన ఉందా అన్నది దానికి పాత ఉదాహరణ.

ఉండడమైనా అన్నిటికీ ఒకే తీరుగా ఉండదు. పానగల్లు గుళ్ళలో నంది ఉన్నట్టుగా జిల్లా ఉండదు. నందిని తాకవచ్చు, జిల్లా ప్రభుత్వ ఉత్తర్వు వల్ల, జనం ఆ ఉత్తర్వును పాటించడం వల్ల ఉంటుంది. అలాగని జిల్లా ఉత్త భ్రమ అనడమూ సరికాదు, దాని కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగినవారిని అడగండి. పక్షం ఏ రకంగా ఉన్నదో కాగితం మీద రాస్తే, దానికి ఏ సాక్ష్యం వెతకాలో తెలుస్తుంది. మొదటిదానికి కన్ను చాలు, రెండోదానికి గెజిట్ కావాలి.

"ఒకటేనా, వేరా" అన్న ప్రశ్నలూ ఇక్కడే తేలాలి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయంలో మునగకుండా రాయి రాయీ విప్పి తెచ్చి ఆలంపూర్‌లో తిరిగి కట్టారు. అది పాత గుడేనా? రాళ్ళు అవే, కూర్పు అదే, చోటు వేరు. "ఒకటే" అన్నది రాయిని బట్టా, రూపాన్ని బట్టా, క్షేత్రాన్ని బట్టా అని ముందు రాసుకున్నవారికి ఇందులో చిక్కు లేదు. రాయనివారు సాయంత్రం దాకా వాదిస్తారు.

లేకపోవడానికీ రకాలున్నాయి. వైశేషిక దర్శనం వారు అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, ఏడవ పదార్థంగా (లోకంలోని వాటిని విడదీసే వర్గంగా) లెక్కపెట్టి నాలుగుగా విడదీశారు:
- ప్రాగభావం: పుట్టకముందు లేకపోవడం. తవ్వకముందు బావి లేదు.
- ప్రధ్వంసాభావం: ఉండి నశించడం. పూడ్చేసిన బావి లేదు.
- అత్యంతాభావం: ఎన్నడూ లేకపోవడం. గాలికి రంగు లేదు.
- అన్యోన్యాభావం: ఒకటి మరొకటి కాకపోవడం. బావి చెరువు కాదు.

"ఆ బోరులో నీళ్ళు లేవు" అన్న మాట విన్నప్పుడు ఇందులో ఏదని అడగండి. పోసి పోసి ఎండిపోయిన బోరు వేరు, మొదటి రోజే దుమ్ము లేచిన బోరు వేరు. మొదటిది పాయింటు చూసినాయన మాటకు వ్యతిరేక సాక్ష్యం కాదు, రెండోది అవుతుంది.

4. ఏ ప్రమాణంతో తెలిసిందో గుర్తించండి

ప్రమాణం అంటే తెలుసుకునే సాధనం. ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలిసింది), అనుమానం (సందేహం కాదు, ఒక గుర్తును బట్టి ఊహించి తేల్చుకున్నది), ఉపమానం (పోలికతో తెలిసింది), శబ్దం (నమ్మదగినవారి మాటతో తెలిసింది): ఈ నాలుగింటిలో ఏదని ప్రతి వాక్యం పక్కన రాయండి. రాసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు అనుమానాన్ని ప్రత్యక్షమనుకోవడం. "నా కళ్ళతో చూశాను, కాయ నీళ్ళను పట్టింది" అంటారు. కళ్ళతో చూసింది కాయ లేవడం మాత్రమే. నీళ్ళను పట్టడం ఊహించింది.

కనబడలేదు కనుక లేదు అనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఉండి ఉంటే కనబడేదేనా?" గదిలో ఏనుగు కనబడకపోతే లేనట్టే. కానీ మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు గ్లాసులో పోసి చూస్తే తేటగా ఉంటాయి, తాగితే తియ్యగానే ఉంటాయి. ఫ్లోరైడుకు రంగు, రుచి, వాసన తెలియవు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది గరిష్ఠ పరిమితి. దాటిందో లేదో నాలుక చెప్పలేదు, పరీక్ష చెప్పాలి. "తియ్యగా ఉన్నయి, ఏం గాదు" అన్న మాట పళ్ళమీద, ఎముకలమీద ఏమి చేసిందో ఆ ఊళ్ళలో చూసినవారికి ఈ మెట్టు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

శబ్ద ప్రమాణం దగ్గర, చెప్పినవారు ఆప్తులా అని చూడాలి. ఆప్తుడంటే మంచివాడని మాత్రమే కాదు. విషయం తెలిసినవాడై, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. ఈ రెంటిలో ఏది లేకున్నా మాట నిలవదు.

5. అయిదు అవయవాలుగా విప్పి రాయండి

ఇప్పుడు వాదనను దాని అయిదు భాగాలుగా, అంటే అవయవాలుగా, విప్పుదాం.
1. ప్రతిజ్ఞ: ఈ చెలక తూర్పు మూలలో మూడు వందల అడుగుల లోపల నీళ్ళు పడతాయి.
2. హేతువు: ఇక్కడ కొబ్బరికాయ నిలబడింది కనుక.
3. ఉదాహరణ: ఎక్కడెక్కడ కాయ నిలబడుతుందో అక్కడక్కడ నీళ్ళుంటాయి, పక్క చెలకలోలాగా.
4. ఉపనయం: ఇక్కడా అలాగే నిలబడింది.
5. నిగమనం: కనుక ఇక్కడ నీళ్ళు పడతాయి.

బరువంతా మూడో అవయవం మీద ఉంది. "ఎక్కడెక్కడ... అక్కడక్కడ" అన్న ఆ సంబంధమే వ్యాప్తి. చాలామంది పక్క చెలక పేరు మాత్రం చెప్పి, వ్యాప్తిని నోట పలకరు. పలికించండి. పలకగానే దాని బలహీనత చెప్పినవారికే వినబడుతుంది.

వ్యాప్తిని పరీక్షించడానికి కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి:
- కాయ నిలబడింది, నీళ్ళు పడ్డాయి.
- కాయ నిలబడింది, నీళ్ళు పడలేదు.
- కాయ నిలబడలేదు, నీళ్ళు పడ్డాయి.
- కాయ నిలబడలేదు, నీళ్ళు పడలేదు.

మా చిన్నాయన చెలకలో మూడు బోర్లు ఫెయిలయ్యి, నాలుగోది రెండించుల నీళ్ళు పోసింది. నాలుగూ కాయ నిలబడిన చోటనే వేశారు. బోరు బండి వెళ్ళిపోయాక గట్టు మీద కూర్చుని ఈ గళ్ళు నింపబోయాం.

"కాయ నిలవడ్డ కాడనే నీళ్ళు వడ్డయి గదరా, ఇంకేం గావాలె నీకు?" అన్నాడు చిన్నాయన.

"నిలవడని కాడ బోరేసి చూసినమా చిన్నాయనా?" అన్నాను.

"నిలవడని కాడ ఎవడన్న ఏస్తడా!"

ఆయన మాటలోనే జవాబుంది. ఆయన చెలక లెక్కలో మూడో గడి, నాలుగో గడి ఖాళీగానే ఉంటాయి, ఎందుకంటే పాయింటు చూపించుకున్నవారెవరూ కాయ లేవని చోట డబ్బు పోసి తవ్వించరు. అన్వయం (కాయ నిలబడిన చోట నీళ్ళుండడం) మాత్రమే ఉండి వ్యతిరేకం (నీళ్ళు లేనిచోట కాయ నిలబడకపోవడం) లేని ఈ లెక్కతో వ్యాప్తి నిలవదు. రెండో గడిలో మూడు ఫెయిల్ బోర్లున్నాయి కనుక అన్వయమైనా పూర్తిగా లేదు. ఆ మూడింటినీ చిన్నాయన లెక్కలోకి తీసుకోలేదు. అవి అప్పు కిందికి పోయాయి, సాక్ష్యం కిందికి రాలేదు. మన జ్ఞాపకం మొదటి గడిని మాత్రమే దాచుకుంటుంది.

సవరణ సులభం. కాయ పట్టించకుండా వేసిన బోర్ల లెక్క మీ ఊళ్ళోనే దొరుకుతుంది. పది మంది రైతులను అడిగి నాలుగు గళ్ళూ నింపండి. ఫెయిలయినవాటిని ముందు అడగండి, పడినవాటిని తరువాత.

6. ఉపాధి కోసం వెతకండి

గళ్ళు నిండాక కూడా కాయకూ నీళ్ళకూ కొంత పొత్తు కనబడిందనుకుందాం. అప్పుడు అడగవలసినది: ఈ పొత్తు సహజమా, మధ్యలో మరొకటేదైనా ఉందా? ఆ మరొకదానికే ఉపాధి అని పేరు.

పాత ఉదాహరణ తేలికగా అర్థమవుతుంది. "నిప్పున్న చోటల్లా పొగ ఉంటుంది" అన్నారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముక్కలో నిప్పుంది, పొగ లేదు. పొగ రావడానికి పచ్చికట్టె కావాలి. పొగ ఉన్న చోటల్లా పచ్చికట్టె ఉంటుంది. నిప్పున్న చోటల్లా ఉండదు. సాధ్యాన్ని వ్యాపించి, హేతువును వ్యాపించనిది ఉపాధి అంటే ఇదే.

దీనిని చెలకకు తెద్దాం. మన నేల కింద ఉన్నది చాలావరకు గ్రానైట్ రాయి. నీళ్ళు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ, లోపలి పగుళ్ళలోనూ. నీళ్ళు పడిన చోటల్లా ఈ పొరో పగులో ఉంటుంది. కాయ నిలబడిన చోటల్లా ఉండదు. కనుక ఉపాధి దొరికింది.

మరి పొత్తు ఎలా కనబడింది? పాయింటు చూసే మనిషి అనుభవజ్ఞుడు. ఆయన కాళ్ళు తెలిసో తెలియకో చెరువు కిందికి, వాగు వైపుకి, పల్లంలోకి, పచ్చగా ఉన్న చెట్ల దగ్గరికి పోతాయి. కాయ లేచేది కూడా అక్కడే. నీళ్ళను పట్టింది కాయ కాదు, ఆయన కన్ను కావచ్చు. దీనిని వేరు చేయడానికి ఒక ఉపాయం: ఒకే చెలకలో ఇద్దరిని వేర్వేరు రోజుల్లో, ఒకరి గుర్తు మరొకరికి తెలియకుండా నడిపించండి. లేదా అదే మనిషిని కళ్ళకు గుడ్డ కట్టి మళ్ళీ నడిపించండి. కాయకే శక్తి ఉంటే రెండుసార్లూ ఒకేచోట నిలబడాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఒక కొబ్బరికాయ. మనిషిని నొప్పించకుండా ఒప్పించడమే కష్టం.

ఉపాధి వేటకు మూడు ప్రశ్నలు:
- హేతువు లేకుండా సాధ్యం ఎక్కడైనా ఉందా? ఉంటే అక్కడ ఏముంది?
- హేతువు ఉండి సాధ్యం లేనిచోట ఏమి లోపించింది?
- హేతువును, సాధ్యాన్ని కలిపి తెచ్చేది మూడోది ఏదైనా ఉందా?

7. వాదన ఏ దిక్కుకు నడుస్తోందో చూడండి

"పెద్దవాన పడితే చెరువు మత్తడి దుంకుతుంది (అలుగు పారుతుంది). చెరువు మత్తడి దుంకింది. కనుక పెద్దవాన పడింది." వినడానికి బాగుంటుంది. కానీ కల్వకుర్తి ఎత్తిపోతల కింద నాగర్‌కర్నూల్ ప్రాంతంలో చెరువులు కృష్ణా నీళ్ళతో నిండుతాయి. పైన మబ్బు లేకున్నా చెరువు నీళ్ళతో ఉండవచ్చు. వాన నుంచి చెరువుకు పోయిన దారి, చెరువు నుంచి వానకు తిరిగి రాదు.

ఈ సందేహం కొత్తది కాదు. నది పొంగింది కనుక పైన వాన పడిందన్న అనుమానానికి, కింద అడ్డుకట్ట వేసినా నది పొంగుతుంది కదా అన్న ఆక్షేపణ న్యాయసూత్రాలలోనే ఉంది. దానికి ఇచ్చిన సమాధానం పనికివచ్చేది: వాన వరద వేరు, నిలిచిన నీరు వేరు, రంగు, వేగం, కొట్టుకొచ్చే చెత్త చూసి అనుమానించు. అంటే హేతువును వదిలేయనక్కరలేదు, దానికి మరింత పదును పెట్టాలి.

8. హేత్వాభాసలతో ఒక చివరి జల్లెడ

పై మెట్లు సరిగా ఎక్కితే ఇక్కడ పెద్దగా పట్టుబడేది ఉండదు. త్వరగా సరిచూడండి:
- సవ్యభిచారం: హేతువు సాధ్యం లేనిచోట కూడా ఉందా? (మన కాయ ఇక్కడ పడిపోతుంది.)
- విరుద్ధం: హేతువు సాధించదలచినదానికి ఎదురుదాన్ని సాధిస్తోందా?
- సత్ప్రతిపక్షం: అంతే బలమున్న ఎదురు హేతువు ఉందా?
- అసిద్ధం: హేతువు పక్షంలో నిజంగా ఉందా? కాయ లేచిందా, వేలితో లేపారా?
- బాధితం: వేరే ప్రమాణం ఇప్పటికే కాదని తేల్చిందా?

9. నిర్ణయం రాయండి

నిర్ణయానికి రెండు గళ్ళు సరిపోవు, నాలుగు కావాలి: నిజం, అబద్ధం, ఇంకా తేలలేదు, ప్రతిజ్ఞే సరిగా లేదు. మూడోదాన్ని ఓటమిగా భావించేవారు మొదటి రెండింటిలోకి తొందరపడి దూకుతారు. నాలుగోదానికి నల్లగొండ సముద్రతీరం చెందుతుంది.

"ఈ వాక్యం అబద్ధం" అన్న వాక్యాన్ని తెచ్చి చిక్కులో పెట్టేవారు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. నిజమంటే అబద్ధమవుతుంది, అబద్ధమంటే నిజమవుతుంది. ఒక భాషలోని వాక్యాల నిజానిజాలను ఆ భాషలో కాకుండా, దానికి పై మెట్టున ఉన్న భాషలో చెప్పాలని పోలిష్ తర్కవేత్త ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ 1933లో చూపిన దారి ఉంది. మీ పనికి మాత్రం దానిని నాలుగో గడిలో వేసి ముందుకు సాగిపోవచ్చు.

నిర్ణయం తప్పో ఒప్పో తెలిసేది దాని ప్రకారం నడిచినప్పుడు. ఎండలో రోడ్డు మీద నీళ్ళు కనబడతాయి; దగ్గరికి పోతే ఎండమావి. దాహం తీరితే జ్ఞానం యథార్థం, తీరకపోతే భ్రమ. అందుకని నిర్ణయం కింద తేదీ వేసి, మళ్ళీ ఎప్పుడు సరిచూస్తారో కూడా రాయండి. మా చిన్నాయన కాగితం మీద చివరకు నిలిచిన వాక్యం ఇది: "కాయ నిలబడితే నీళ్ళు పడతాయన్నది తేలలేదు, చెరువు కింద పల్లంలో పడే అవకాశం ఎక్కువని అనుకోవడానికి ఆధారం ఉంది, మే నెలలో మళ్ళీ చూడాలి." కింద ఆయన సంతకం పెట్టలేదు గానీ, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

10. సాధనకు మూడు ప్రతిజ్ఞలు

- "పాలమూరు పిల్లలమర్రి ఒకే చెట్టు." మూడో మెట్టు దగ్గర ఆగండి. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఊడలన్నీ మానులైపోయినప్పుడు "ఒకటి" అన్నది దేనిని బట్టి? 2018లో చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించినప్పుడు వైద్యం జరిగింది ఒక చెట్టుకా, ఎన్నింటికా?
- "చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి, కనుక వాన వస్తుంది." అయిదో, ఏడో మెట్లు. పుట్టను ఎవరైనా కాలితో తన్నారేమో ముందు చూడండి.
- "మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు లేదు." నాలుగో మెట్టు. ఎలా తెలిసిందో పక్కన రాయండి; ఆ గడి ఖాళీగా ఉంటే సీసాలో నీళ్ళు పట్టి పరీక్షకు పంపండి.